ఫోరమ్ పెట్టే ముందు అడ్మిన్ ప్యానెల్ తెరిచి చూడండి

ఈ వారం ఎపిసోడ్‌లో మాట్లాడిన విషయానికి ఇది రాత రూపం. ట్రాన్‌స్క్రిప్ట్ ఎప్పటిలాగే విడిగా పెట్టాను. మాటల్లో పేర్లు, వెర్షన్ నంబర్లు గబగబా వెళ్లిపోయాయని చాలామంది అన్నారు కాబట్టి ఇక్కడ నిదానంగా ఒక వరుసలో చెప్తాను.

విషయం ఇదీ. ఇక్కడ ములింగార్‌లోనూ చుట్టుపక్కల వెస్ట్‌మీత్ ఊళ్లలోనూ ఉన్న మన తెలుగువాళ్లకి ఒక వాట్సాప్ గ్రూప్ ఉంది. దాన్ని వదిలి సొంతంగా ఒక ఫోరమ్ పెట్టుకుందామని కొన్ని నెలలుగా అనుకుంటున్నాం. మీలో దోహా నుంచి, కువైట్ నుంచి, సింగపూర్ నుంచి వినేవాళ్లు కూడా ఇదే అడిగారు: "అన్నా, ఏ సాఫ్ట్‌వేర్ పెట్టుకోవాలి?" నేను పగలు డబ్లిన్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని చేస్తాను. సాయంత్రం ఇంటికొచ్చాక ఒక చిన్న అద్దె సర్వర్ మీద పీహెచ్‌పీబీబీ, ఎస్ఎంఎఫ్, మైబీబీ, ఫ్లారమ్, డిస్కోర్స్ ఒక్కొక్కటీ పెట్టి చూశాను. అందరూ మొదట చూసేది రంగులు, థీమ్‌లు. నేను మాత్రం రెండే చూశాను: అడ్మిన్ ప్యానెల్ ఎలా ఉంది, లోపలి కోడ్ ఎలా ఉంది. ఎందుకంటే అందులో రాసేవాళ్ల వీసా, ఉద్యోగం, పరువు ఆ రెండింటి మీదే ఆధారపడతాయి.

వాట్సాప్ సరిపోదా?

కబుర్లకి సరిపోతుంది. సమాచారానికి సరిపోదు. ఒక ఉదాహరణ చూడండి. ఐర్లాండ్‌లో కొత్త ఎంప్లాయ్‌మెంట్ పర్మిట్ చట్టం 2024 సెప్టెంబర్ 2న అమల్లోకి వచ్చింది. కొన్ని షరతులకు లోబడి, మొదటి 9 నెలలు గడిచాక పర్మిట్ మీద ఉన్నవాళ్లు యజమానిని మార్చుకునే వీలు అందులో ఉంది. అంతకుముందు పద్ధతి వేరు. వాట్సాప్‌లో 2023 నాటి సమాధానాన్ని ఎవరో ఫార్వర్డ్ చేస్తారు, కొత్తగా వచ్చినవాళ్లు దాన్నే నమ్ముతారు. ఫోరమ్‌లో అయితే పాత చర్చకి తాళం వేసి, పైన "ఇది పాత నియమం" అని రాసి, కొత్తదాన్ని అందరికంటే పైన పిన్ చేయొచ్చు. ఆ తాళం, ఆ పిన్ ఉండేది మోడరేటర్ల చేతిలో. ఆ మోడరేటర్లు ఎవరు, వాళ్లకి ఏ అధికారం ఉంది అని తేల్చేది అడ్మిన్ ప్యానెల్. కథ అక్కడే మొదలవుతుంది.

అడ్మిన్ ప్యానెల్‌ని అడగాల్సిన మూడు ప్రశ్నలు

మొదటి ప్రశ్న: ఎవరు ఏం చూడగలరు?

ఇది అన్నిటికంటే పెద్దది. మా ఊళ్లోనే ఒక నర్సింగ్ హోమ్‌లో కేరర్‌గా చేసే అక్క ఒకరు అడిగారు: "తమ్ముడూ, నేను అందులో మా మేనేజర్ గురించి రాస్తే, నడిపేవాళ్లకి నేనెవరో తెలిసిపోతుందా?" చిన్న ఊరు అండీ ఇది. అడ్మిన్ భార్య అదే నర్సింగ్ హోమ్‌లో పనిచేస్తూ ఉండొచ్చు. ఆ అక్క పర్మిట్ ఆ యజమాని పేరు మీదే ఉంది. కాబట్టి దీనికి "ఏం కాదులే అక్కా" అనే జవాబు పనికిరాదు.

నిజం ఏంటంటే, ఈ సాఫ్ట్‌వేర్‌లు దాదాపు అన్నీ పోస్ట్ ఏ ఐపీ అడ్రస్ నుంచి వచ్చిందో దాచుకుంటాయి, అధికారం ఉన్నవాళ్లకి చూపిస్తాయి. ఈమెయిల్ కూడా అడ్మిన్‌కి కనిపిస్తుంది. తేడా వచ్చేది ప్రైవేట్ మెసేజ్‌ల దగ్గర. డిస్కోర్స్‌లో అడ్మిన్ ఎవరి ప్రైవేట్ మెసేజ్ అయినా తెరిచి చదవొచ్చు. అలా చదివితే లాగ్‌లో నమోదయ్యే సెట్టింగ్ ఒకటి ఉంది గానీ దాన్ని మనమే ఆన్ చేసుకోవాలి. పీహెచ్‌పీబీబీలో ఇతరుల ప్రైవేట్ మెసేజ్‌లు చదివే బటన్ ప్యానెల్‌లో లేదు. ఎవరైనా ఒక మెసేజ్ మీద ఫిర్యాదు చేస్తే అదొక్కటే మోడరేటర్‌కి కనిపిస్తుంది. ఫ్లారమ్ 1.0 కోర్‌లో అసలు ప్రైవేట్ మెసేజ్‌లే లేవు, కావాలంటే ఎక్స్‌టెన్షన్ వేసుకోవాలి.

అయితే బటన్ లేనంత మాత్రాన రహస్యం అయిపోదు. డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న మనిషి ఏ సాఫ్ట్‌వేర్‌లో అయినా అన్నీ చదవగలడు. కానీ క్లిక్ చేస్తే తెరుచుకోవడం వేరు, కావాలని సర్వర్‌లోకి దిగి వెతకడం వేరు. సరదాకో, కుతూహలానికో జరిగే తప్పుల్ని మొదటిదానిలో ఆపలేం, రెండోదానిలో చాలావరకు ఆపగలం.

పీహెచ్‌పీబీబీ పర్మిషన్ల గురించి ఒక మాట. ప్రతి అధికారానికి అవును, కాదు, ఎప్పటికీ కాదు అని మూడు స్థాయిలు ఉంటాయి. ఒక మనిషి నాలుగు గ్రూపుల్లో ఉన్నాడనుకోండి. ఒక గ్రూప్ "కాదు" అన్నా ఇంకో గ్రూప్ "అవును" అంటే అవును గెలుస్తుంది. కానీ ఎక్కడైనా "ఎప్పటికీ కాదు" ఉంటే అదే ఆఖరి మాట. మొదట్లో తలనొప్పిగా ఉంటుంది. కానీ ఫలానా మనిషికి ఈ అధికారం ఎక్కడి నుంచి వచ్చిందో గ్రూపుల వారీగా విడదీసి చూపించే పేజీ ప్యానెల్‌లోనే ఉంది. అది నాకు బాగా నచ్చింది. ఫ్లారమ్‌లో ఇదంతా ఒకే పట్టికలో ఉంటుంది. చూడగానే అర్థమవుతుంది, కానీ అంత లోతు ఉండదు. డిస్కోర్స్ పద్ధతి ఇంకోటి: 0 నుంచి 4 దాకా నమ్మకం స్థాయిలు. చదివేకొద్దీ, రాసేకొద్దీ మనిషికి అధికారాలు చాలావరకు వాటంతట అవే పెరుగుతాయి. కొత్త ఖాతా తెరిచి వెంటనే లింకులు గుమ్మరించే స్పామ్‌గాళ్లకి ఇది మంచి మందు.

రెండో ప్రశ్న: ఎవరు ఏం చేశారో రాసి ఉంటుందా?

డబ్బు లెక్కలకి పుస్తకం ఉన్నట్టే అధికారానికి కూడా పుస్తకం ఉండాలి. డిస్కోర్స్‌లో అడ్మిన్లు, మోడరేటర్లు చేసిన పనులకి ఒక చిట్టా ఉంటుంది: ఎవరిని ఆపారు, ఏ సెట్టింగ్ మార్చారు, ఎవరి ఖాతాలోకి వాళ్లలాగా వెళ్లి చూశారు. పీహెచ్‌పీబీబీలోనూ అడ్మిన్ లాగ్, మోడరేటర్ లాగ్ ఉన్నాయి. అయితే ఆ లాగ్‌ని చెరిపేసే అధికారం కూడా అక్కడే ఉంది, పర్మిషన్ల జాబితాలో విడిగా కనిపిస్తుంది. దాన్ని మామూలు అడ్మిన్లకి ఇవ్వకండి. తప్పు చేసినవాడి చేతికే రబ్బరు ఇచ్చినట్టవుతుంది.

మూడో ప్రశ్న: రేపు నేను లేకపోతే?

మన బతుకులు తెలుసు కదా. ఈరోజు ములింగార్, రెండేళ్లకి కార్క్, ఆ తర్వాత ఆస్ట్రేలియా. అడ్మిన్ వెళ్లిపోయాడు, పాస్‌వర్డ్ అతనితోనే పోయింది అంటే ఫోరమ్ మూతపడినట్టే. పీహెచ్‌పీబీబీలో "ఫౌండర్" అనే హోదా ఉంది. మిగతా అడ్మిన్లు ఫౌండర్‌ని తీసేయలేరు, ఆపలేరు. ఆ హోదా ఒక్కరికే ఇవ్వాలని లేదు, మొదటి రోజే ఇద్దరికి ఇవ్వండి. బ్యాకప్ సంగతి కూడా ఇక్కడే. డిస్కోర్స్‌లో బ్యాకప్ బటన్ ప్యానెల్‌లోనే ఉంది, ఎన్ని రోజులకోసారి తీయాలో చెప్పొచ్చు, అప్‌లోడ్ చేసిన ఫొటోల్ని కూడా కలుపుకోవచ్చు. పీహెచ్‌పీబీబీ ప్యానెల్ తీసేది డేటాబేస్ బ్యాకప్ మాత్రమే. అటాచ్‌మెంట్ల ఫోల్డర్‌ని మనం విడిగా దాచుకోవాలి.

కోడ్ చదవడం రాకపోయినా నాణ్యత ఎలా తెలుసుకోవాలి?

"మాకు ప్రోగ్రామింగ్ రాదు, కోడ్ బాగుందో లేదో ఎలా తెలుస్తుంది?" అని అడిగారు. కారు ఇంజన్ విప్పడం రాకపోయినా సర్వీస్ పుస్తకం చూసి కొంటాం కదా, అలాగే. నాలుగు చోట్ల చూడండి.

ఒకటి, పాత గాయాల చరిత్ర. 2004 డిసెంబర్‌లో శాంటీ అనే వైరస్ లాంటి పురుగు ఒకటి వచ్చి, గూగుల్‌లో వెతుక్కుంటూ పోయి, పీహెచ్‌పీబీబీ పాత వెర్షన్లతో నడిచే వేల సైట్లని పాడుచేసింది. లోపం ఏంటంటే, వెతికిన పదాన్ని పేజీలో రంగు వేసి చూపించే చోట, యూజర్ పంపిన మాటని కోడ్ ఒక ఆజ్ఞగా నడిపేసింది. 2019 సెప్టెంబర్‌లో డబ్బు పెట్టి కొనే వీబులెటిన్ 5లో దొరికిన పెద్ద లోపం కూడా దాదాపు ఇదే: బయటివాడు, కనీసం లాగిన్ కూడా కాకుండా, పంపిన కోడ్‌ని టెంప్లేట్ నడిపేసింది. దానికి వేసిన అతుకుని దాటే దారి మళ్లీ 2020 ఆగస్టులో బయటపడింది. 2021 మార్చిలో మైబీబీ 1.8.26 విడుదల చేసి మూసిన లోపాల్లోనూ టెంప్లేట్‌ని కోడ్‌గా మార్చి నడిపే పద్ధతే చివరి మెట్టు.

మూడు సాఫ్ట్‌వేర్‌లు, పదహారేళ్లకు పైగా కాలం, మూలం మాత్రం ఒకటే. యూజర్ పంపింది మాటగానే ఉండాలి, ఆజ్ఞగా మారకూడదు. మంచి కోడ్ అంటే ఆ రెంటి మధ్య గట్టి గోడ కట్టిన కోడ్. పీహెచ్‌పీబీబీ ఆ దెబ్బ తర్వాత చాలా మారింది: 2007 డిసెంబర్‌లో 3.0 కొత్తగా రాసుకొచ్చారు, 2014లో 3.1తో సిమ్‌ఫనీ అనే పేరున్న పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్ భాగాలు వాడటం మొదలుపెట్టారు. గాయం లేని సాఫ్ట్‌వేర్ కోసం వెతక్కండి. గాయం తర్వాత ఏం చేశారో చూడండి.

ఇంకో సంగతి: శాంటీ పురుగు వచ్చేనాటికి ఆ లోపం మూసిన 2.0.11 వెర్షన్ విడుదలై నెల దాటింది. దెబ్బతిన్నవి అప్‌డేట్ చేయని సైట్లు. అందుకే కొత్త వెర్షన్ వచ్చిందని ప్యానెల్ మొదటి పేజీలోనే చెప్తుందా, అప్‌డేట్ ఎంత తేలిక అని చూడాలి. డిస్కోర్స్‌లో సాధారణంగా బ్రౌజర్‌లోనే ఒక బటన్ నొక్కితే అయిపోతుంది.

రెండు, అదనపు భాగాలు ఎలా అతుక్కుంటాయి. ఎస్ఎంఎఫ్‌లో ప్యాకేజీలు చాలావరకు అసలు కోడ్ ఫైళ్లలోకే వెళ్లి "ఈ లైన్ వెతుకు, దాని బదులు ఇది పెట్టు" అని మార్చేస్తాయి. నాలుగు ప్యాకేజీలు వేశాక అప్‌డేట్ వస్తే ఆ లైన్లు దొరక్క ఇబ్బంది అవుతుంది. 2.1లో కోడ్ ముట్టుకోకుండా తగిలించే హుక్స్ పెంచారు గానీ, 2011 జూన్‌లో వచ్చిన 2.0 తర్వాత ఆ 2.1 రావడానికి 2022 ఫిబ్రవరి దాకా పట్టింది. పీహెచ్‌పీబీబీ 3.1 నుంచి, ఫ్లారమ్ మొదటి నుంచి, ఎక్స్‌టెన్షన్లు అసలు కోడ్‌ని ముట్టుకోకుండా బయట నుంచి తగులుకుంటాయి. తేడా వస్తే ఆపేయొచ్చు, ఇల్లు కూలదు. డిస్కోర్స్‌లో అన్ని ప్లగిన్లనీ థీమ్‌లనీ పక్కనపెట్టి తెరిచే సేఫ్ మోడ్ కూడా ఉంది.

మూడు, పాస్‌వర్డ్‌లు ఎలా దాస్తుంది. పాస్‌వర్డ్‌ని ఉన్నదున్నట్టు దాచకుండా తిరిగి విప్పలేని ముద్దగా చేసి దాస్తారు, దాన్నే హాష్ అంటారు. ఎండీ5 అనే పాత పద్ధతి చాలా వేగంగా పనిచేస్తుంది. అదే దాని దోషం. డేటాబేస్ దొంగిలించినవాడు సెకనుకి కోట్ల పాస్‌వర్డ్‌లు ప్రయత్నించగలడు. బీక్రిప్ట్ లాంటివి కావాలని నెమ్మదిగా ఉంటాయి. పీహెచ్‌పీబీబీ 3.1 నుంచి, ఎస్ఎంఎఫ్ 2.1లో, ఫ్లారమ్‌లో బీక్రిప్ట్ గానీ అలాంటి నెమ్మదైన పద్ధతి గానీ వాడతారు. డిస్కోర్స్‌ది వేరే పద్ధతి, అదీ నెమ్మదైనదే. మైబీబీ 1.8 మామూలుగా ఉప్పు కలిపిన ఎండీ5నే వాడుతుంది. ఉప్పు అంటే ప్రతి పాస్‌వర్డ్‌కీ విడిగా కలిపే కొన్ని అక్షరాలు. మంచిదే కానీ ఇవాళ్టికి చాలదు. మనలో చాలామంది ఫోరమ్‌కీ, బ్యాంకుకీ, ఈమెయిల్‌కీ ఒకటే పాస్‌వర్డ్ పెడతారు, అందుకే ఇంత చెప్పడం.

నాలుగు, పక్కన ఏముంది. 2009లో పీహెచ్‌పీబీబీ వాళ్ల సొంత సైట్‌లోకే చొరబడ్డారు. దారి ఇచ్చింది ఫోరమ్ కోడ్ కాదు, అదే సర్వర్ మీద ఈమెయిళ్లు పంపడానికి పెట్టుకున్న వేరే సాఫ్ట్‌వేర్. కాబట్టి ఫోరమ్ ఉన్న సర్వర్ మీద గుడి కార్యక్రమాల పేజీ, క్రికెట్ టీమ్ పేజీ, పాత ప్రయోగాలు అన్నీ కలిపి పెట్టకండి.

తెలుగులో పెట్టి పరీక్షించండి

ఇంగ్లీషులో రాసే రివ్యూల్లో ఇది ఉండదు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు, ఎమోజీకి 4 బైట్లు పడతాయి. మైసీక్వెల్‌లో "యూటీఎఫ్8" అని పేరున్న పాత అమరిక 3 బైట్ల దాకానే తీసుకుంటుంది, "యూటీఎఫ్8 ఎంబీ4" అయితేనే 4 పడతాయి. అమరిక తప్పితే బ్యాకప్ నుంచి తిరిగి తెచ్చినప్పుడు తెలుగంతా ప్రశ్నార్థకాలే. అందుకని పది తెలుగు పోస్టులు, ఎమోజీలతో సహా రాసి, బ్యాకప్ తీసి, వేరే చోట తెరిచి చూడండి.

వెతకడం ఇంకో ఇబ్బంది. మన భాషలో విభక్తి పదానికి అతుక్కుంటుంది. "పర్మిట్" అని వెతికితే "పర్మిట్‌కి", "పర్మిట్‌లో" రాకపోవచ్చు. పీహెచ్‌పీబీబీలో పదం చివర నక్షత్రం గుర్తు పెట్టి వెతికితే ఇవి కూడా వస్తాయి. దానికి తోడు "పర్మిట్‌కి"లో పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక అక్షరం ఉంటుంది. కొన్ని ఫోన్ కీబోర్డులు దాన్ని వేస్తాయి, కొన్ని వేయవు. మనకి రెండూ ఒకేలా అనిపించినా సెర్చ్‌కి వేరు. మా పరిష్కారం సింపుల్: ప్రతి చర్చకి శీర్షికలో అసలు పదం విడిగా, విభక్తి లేకుండా రాయమని నియమం.

వదిలి వెళ్లే దారి

ఐర్లాండ్‌లో అందరికీ తెలిసిన ఫోరమ్ బోర్డ్స్ డాట్ ఐఈ. 1998లో క్వేక్ అనే కంప్యూటర్ ఆట ఆడేవాళ్ల కోసం జాన్ బ్రెస్లిన్ మొదలుపెట్టిన చిన్న చర్చావేదిక అది, తర్వాత దేశమంతా వాడే స్థాయికి పెరిగింది. ఏళ్ల తరబడి వీబులెటిన్ మీద నడిచింది. 2010 జనవరిలో దాని యూజర్ల డేటాబేస్ మీద దాడి జరిగితే సభ్యులందరి పాస్‌వర్డ్‌లూ మార్చాల్సి వచ్చింది. 2021లో వనిల్లా అనే వేరే సాఫ్ట్‌వేర్‌కి మారింది. ఇంత పాత చర్చల కొండని కదిలించగలిగారంటే కారణం, డేటా వాళ్ల చేతిలో ఉండటం.

దీనికి ఎదురు ఉదాహరణ యాహూ గ్రూప్స్. సాహిత్యం మీద తెలుగువాళ్లు హోరాహోరీగా వాదించుకున్న "రచ్చబండ" కూడా అక్కడే ఉండేది. 2020 డిసెంబర్ 15న ఆ సేవ పూర్తిగా మూతపడింది. దాచుకున్నవాళ్లకి దక్కింది, లేనివాళ్లకి పోయింది. కాబట్టి ఏది పెట్టుకున్నా ముందు అడగాల్సింది: మొత్తం డేటాని నేను బయటికి తీసుకోగలనా? పైన చెప్పిన ఐదూ కోడ్ బయటికి ఇచ్చిన ఉచిత సాఫ్ట్‌వేర్‌లే, సొంత సర్వర్ మీద పెట్టుకుంటే డేటాబేస్ మనదే.

మరి ఏది పెట్టుకోవాలి?

నా అభిప్రాయం చెప్తాను. రెండు మూడు వందల మంది ఉన్న, డబ్బు పెద్దగా లేని, అందరూ డ్యూటీలు చేసుకునే మాలాంటి గ్రూప్‌కి పీహెచ్‌పీబీబీ 3.3. చవక హోస్టింగ్ మీద నడుస్తుంది, ప్రైవేట్ మెసేజ్‌లు ప్యానెల్ నుంచి చదవలేరు, అధికారాల్ని బాగా విడదీయొచ్చు. ఫోన్‌లో డిస్కోర్స్ అంత హాయిగా ఉండదు, నిజమే.

లినక్స్ సర్వర్ చూసుకోగల మనుషులు ఇద్దరు ఉంటే డిస్కోర్స్. దానికి సొంత సర్వర్, డాకర్, కనీసం 1 జీబీ మెమరీ, ఈమెయిల్ పంపే సేవ కావాలి. ఒక్కరే ఉంటే వద్దు. ఆ ఒక్కరు నైట్ షిఫ్ట్‌లో ఉన్నప్పుడే అది ఆగుతుంది. ఫ్లారమ్ అందంగా, తేలికగా ఉంది, కోడ్ కూడా శుభ్రంగా ఉంది. కానీ కమాండ్ లైన్ అలవాటు ఉండాలి, కావాల్సినవి చాలా ఎక్స్‌టెన్షన్లుగా తెచ్చుకోవాలి. ఎస్ఎంఎఫ్, మైబీబీ ఇప్పటికే నడుపుతున్నవాళ్లు అప్‌డేట్ చేసుకుంటూ నడపండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేను చెప్పను.

ఏది పెట్టినా మొదటి రోజే చేయాల్సినవి:

ఇద్దరు ముఖ్య అడ్మిన్లు, వేర్వేరు చోట్ల పనిచేసేవాళ్లు. ఐపీ అడ్రస్ చూసే అధికారం వాళ్లిద్దరికే. లాగ్ చెరిపే అధికారం మామూలు అడ్మిన్లకి వద్దు. నెలకోసారి బ్యాకప్‌ని నిజంగా తెరిచి చూడటం. అడ్మిన్ ఏం చూడగలడో తెలుగులో, సూటిగా, సభ్యత్వం తీసుకునే పేజీలోనే రాయడం.

చివరిది చట్టం కూడా. యూరప్‌లో 2018 మే 25 నుంచి జీడీపీఆర్ అమల్లో ఉంది. పదిమందికి తెరిచిన ఫోరమ్‌ని "స్నేహితుల వ్యవహారం" అని తప్పించుకోవడం కష్టం. డేటా బయటికి పోయి, దాని వల్ల మనుషులకి ముప్పు ఉంటే, తెలిసిన 72 గంటల్లోపు డేటా ప్రొటెక్షన్ కమిషన్‌కి చెప్పాలి. ఎవరైనా తన వివరాలు తీసేయమంటే ఆ హక్కు వాళ్లకి ఉంది. ఇక్కడ గుర్తుంచుకోండి: డిస్కోర్స్‌లో గానీ, పీహెచ్‌పీబీబీలో మామూలు పద్ధతిలో గానీ "డిలీట్" చేసిన పోస్ట్ సభ్యులకి మాత్రమే కనిపించదు, నడిపేవాళ్లకి కనిపిస్తూనే ఉంటుంది. పూర్తిగా తీసేయడం వేరే బటన్.

ఇక ఆ అక్క అడిగినదానికి నా జవాబు ఇదీ: అక్కా, మారుపేరుతో, కొత్త ఈమెయిల్‌తో రాస్తే చదివేవాళ్లకి మీరెవరో తెలియదు, నడిపేవాళ్లు ఇద్దరికి మాత్రం కనుక్కునే వీలు ఉంటుంది. జీతం ఎగ్గొట్టడం, సెలవులు ఇవ్వకపోవడం లాంటి అసలు ఫిర్యాదు అయితే దాని చోటు ఫోరమ్ కాదు, వర్క్‌ప్లేస్ రిలేషన్స్ కమిషన్. దారి అడగడానికి మాత్రం మా దగ్గరికి రండి, పేరు చెప్పక్కర్లేదు.

మీ ఊళ్లో ఎవరైనా ఇలాంటిది నడుపుతుంటే, మీ అడ్మిన్ ప్యానెల్‌లో ఈ మూడు ప్రశ్నలకి ఏం జవాబు వచ్చిందో ఒక వాయిస్ మెసేజ్ పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో వినిపిస్తాను. ఉంటానండి.